ఎవరి మాట వారిది: నెల్లూరు నాటక గురువు వేదం వేంకటరాయ శాస్త్రి



నెల్లూరు జిల్లా, నాటకం అనగానే చాలామందికి ముందు ఆత్రేయగారు గుర్తొస్తారు. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టి 'ఎన్జీవో', 'కప్పలు' రాసిన మనిషి కాబట్టి అది న్యాయమే. ఇంకొంతమందికి ఇక్కడి నుంచి సినిమాల్లోకి వెళ్ళిన రమణారెడ్డిగారు, రాజనాలగారు గుర్తొస్తారు. నేను ఈ పూట వాళ్ళందరికంటే ముందు కాలానికి వెళ్తాను. 1899లో నెల్లూరులో నాటకాల కోసం ఒక సమాజం స్థాపించిన ఒక పంతులుగారి గురించి చెబుతాను. ఆయన వేదం వేంకటరాయ శాస్త్రిగారు. ఆ సమాజం పేరు ఆంధ్ర భాషాభిమాని సమాజం.

శాస్త్రిగారు 1853 డిసెంబరు 21న మద్రాసులో పుట్టారు. తండ్రి వేంకటరమణ శాస్త్రి, తల్లి లక్ష్మమ్మ. మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులుగా సుమారు పాతికేళ్ళు పాఠాలు చెప్పారు. పండితుడంటే ఆ రోజుల్లో ఏదో పుస్తకం పట్టుకుని ఏకరువు పెట్టే మనిషి కాదు. వ్యాకరణం, అలంకారం, నాటకం, కావ్యం అన్నీ కంఠతా ఉండాలి. అడిగినచోట అడిగినట్టు విప్పి చెప్పాలి. శ్రీనాథుడి శృంగార నైషధానికి 'సర్వంకష' అనే వ్యాఖ్య, ఆముక్తమాల్యదకు మరో పెద్ద వ్యాఖ్య రాసిన మనిషి ఆయన. ఈ రెండు కావ్యాల్లో ఏదైనా ఒక్క పద్యం పట్టుకుని కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది, ఆ పని ఎంతటిదో.

ఇంత పండితుడు నాటకాల జోలికి ఎందుకు వెళ్ళారు? ఆ కాలం సంగతి కొంచెం చెప్పాలి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. 1885లో కడప జిల్లా సురభిలో వనారస కుటుంబం 'కీచక వధ' ఆడి, తర్వాత తరతరాలు నాటకమే బతుకుగా పెట్టుకుంది. 1886లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు సరస వినోదిని సభ పెట్టారు. ఆ బళ్ళారి వాళ్ళు మద్రాసు వచ్చి ఆడిన నాటకాలు చూసిన ఉత్సాహంతో పమ్మల్ సంబంధ మొదలియారుగారు 1891లో సుగుణ విలాస సభ ప్రారంభించారు. సురభి వాళ్ళ సంగతి వేరు. మిగిలిన సమాజాల్లో వేషాలు వేసింది ఎవరు? ప్లీడర్లు, గుమాస్తాలు, బడిపంతుళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు. పగలు కచేరీకి పోయి, రాత్రి మొహానికి రంగు వేసుకున్నవాళ్ళు. నాటకం పొట్టకూటి కోసం కాదు, ఊరి కోసం. మన శాస్త్రిగారు నెల్లూరులో పెట్టిందీ ఆ కోవకు చెందిన సమాజమే.

1899కి ఇంకో విశేషం ఉంది. మద్రాసుకూ బెజవాడకూ మధ్య కోస్తా వెంట రైలు దారి కలిసింది ఆ ఏడాదే. మా కొడవలూరు స్టేషను ఆ దారి మీదే ఉంది. పడుగుపాడు దాటాక వచ్చేది మా ఊరు, ఆ తర్వాత తలమంచి. ఇటు మద్రాసు కాలేజీ, అటు నెల్లూరు రంగస్థలం, మధ్యలో రైలు. పుస్తకం, పండితుడు, నటుడు, తెర సామాను, అన్నీ ఊళ్ళు దాటి తిరగడం తేలికయిన కాలం అది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శాస్త్రిగారు తెలుగు నాటకానికి ఏమిచ్చారు అంటే నేను ఒకే ఒక్క మాట చెబుతాను. రంగం మీద నిలబడ్డ ప్రతి మనిషికీ వాడి మాట వాడికి ఇచ్చారు. దాన్ని పాత్రోచిత భాష అంటారు.

దాని వెనక ఒక పెద్ద వాదం ఉంది. సంస్కృత నాటకాల్లో రాజు, మంత్రి, ఋషి సంస్కృతం మాట్లాడతారు. ఆడవాళ్ళు, విదూషకుడు, సేవకులు ప్రాకృతం మాట్లాడతారు. కాళిదాసు శాకుంతలంలో ఉంగరం దొరికిన బెస్తవాణ్ణి భటులు పట్టుకొచ్చే రంగం ఉంది కదా, ఆ బెస్తవాడు మాట్లాడేది మాగధి. కాళిదాసు అంతటివాడు చేపలు పట్టేవాడి నోట రాజుగారి సంస్కృతం పెట్టలేదు. మరి ఆ నాటకాన్ని తెలుగులోకి తెచ్చినప్పుడు రాజూ బెస్తవాడూ ఇద్దరూ ఒకే గ్రాంథికం మాట్లాడితే, మూలంలో ఉన్న ఆ తేడా ఏమైపోయినట్టు? మా ఇస్కపల్లి, రామతీర్థం తీరంలో పట్టపుపాలేల వాళ్ళ మాట విన్నవాళ్ళెవరికైనా ఈ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది.

శాస్త్రిగారు 1891లో హర్షుడి నాగానందాన్ని తెలుగు చేశారు. అందులో తాగి తూలే విటుడు, చేటిక, విదూషకుడు కలిసిన ఒక అల్లరి రంగం ఉంది. అలాంటి పాత్రల నోట శాస్త్రిగారు జనం మాట్లాడే తెలుగు పెట్టారు. పండితలోకం ఊరుకోలేదు. గ్రామ్యం అన్నారు, అపచారం అన్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. 'గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనము' అని ఒక ప్రత్యేక వ్యాసమే రాసి, నాటకంలో పాత్రకు తగ్గ భాష వాడటం శాస్త్రసమ్మతమని నిలబెట్టారు. ఈ పని ఏ సంస్కర్తో చేసి ఉంటే పండితులు పెదవి విరిచి ఊరుకునేవాళ్ళేమో. వ్యాకరణం అణువణువూ తెలిసిన మనిషి చేశారు కాబట్టి తోసిపుచ్చడానికి వీలు లేకపోయింది.

ఆయన పనిచేసిన కాలేజీ వాతావరణం కూడా ఇందుకు కొంత తోడ్పడి ఉంటుందని నా ఊహ. అక్కడి ప్రిన్సిపాలు విలియం మిల్లర్‌గారు షేక్‌స్పియర్ నాటకాల మీద పుస్తకాలు రాసినవారు. మాక్‌బెత్‌లో రాజు ఛందస్సులో మాట్లాడితే, కోట తలుపు దగ్గర తాగి ఉన్న కాపలావాడు మామూలు వచనంలో మాట్లాడతాడు. అటు కాళిదాసు, ఇటు షేక్‌స్పియర్, ఇద్దరూ ఒకటే చెబుతుంటే తెలుగు నాటకం మాత్రం ఎందుకు వినకూడదు?

1897లో ఆయన స్వతంత్ర నాటకం 'ప్రతాపరుద్రీయం' వచ్చింది. ఆ ఏడాదే గురజాడవారి 'కన్యాశుల్కం' కూడా అచ్చయింది. ఉత్తరాన విజయనగరం, దక్షిణాన నెల్లూరు, మద్రాసు. రెండు చోట్లా ఇద్దరు మనుషులు తెలుగువాళ్ళ నోళ్ళు ఎట్లా మాట్లాడతాయో చెవులు రిక్కించి విని, దాన్ని రంగం మీదికి తెచ్చారు. నాకు ఆ సంవత్సరం అంటే ఎప్పుడూ ఒక గౌరవం.

ప్రతాపరుద్రీయం కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాకతీయ చక్రవర్తి ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ వాళ్ళు పట్టుకుపోతారు. మంత్రి యుగంధరుడు రాజును విడిపించి తెస్తానని బయలుదేరతాడు. సైన్యంతో కాదు, పిచ్చివాడి వేషంలో. ఢిల్లీ వీధుల్లో నిలబడి సుల్తానును పట్టుకుపోతానని బాహాటంగా అరుస్తాడు. ఎవరూ పట్టించుకోరు, పిచ్చివాడు కదా! తాను చేయబోయే పనిని నడిబజారులో చాటుతూ, దాన్నే మరుగుగా పెట్టుకున్న మంత్రి. ఈ ఒక్క ఎత్తుగడ కోసమే ఎన్ని ఊళ్ళలో ఎంతమంది నటులు యుగంధరుడి వేషం కోసం పోటీ పడ్డారో! శాస్త్రిగారు కథాసరిత్సాగరాన్ని కూడా తెలుగు చేశారు. చెరలో ఉన్న ఉదయనుణ్ణి విడిపించడానికి మారువేషంలో వెళ్ళే యౌగంధరాయణుడి కథ అందులో ఉంది. ఆ పేరు ఈ పేరుకు ఎంత దగ్గరో చూడండి.

చరిత్రలో జరిగింది ఇది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయింది, ప్రతాపరుద్రుడు ఢిల్లీకి పోయే దారిలోనే ప్రాణం విడిచాడు. రాజు తిరిగి రాలేదు. శాస్త్రిగారు నాటకంలో ఆయన్ను తిరిగి తెచ్చారు. తర్వాత 1916లో రాసిన 'బొబ్బిలి యుద్ధం' కూడా ఓటమి కథే. 1757లో బుస్సీ ఫిరంగుల ముందు నిలిచి కూలిపోయిన కోట కథ. అక్కడ మాత్రం చరిత్ర పెట్టిన గాయాన్ని అట్లాగే ఉంచారు. ఈ రెండు నాటకాలనూ పక్కపక్కన పెట్టి చదివితే మంచి పాఠమవుతుంది.

నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది మాత్రం ప్రతాపరుద్రీయంలోని చిన్న మనుషుల దగ్గర. అందులో పేరిగాడు అనే చాకలి ఉన్నాడు. చెకుముకి శాస్త్రి అనే బ్రాహ్మణుడు ఉన్నాడు. ఢిల్లీ తురుష్కులు ఉన్నారు. రాజూ మంత్రీ పట్టుగా గ్రాంథికం మాట్లాడుతుంటే, పేరిగాడు తన ఇంట్లో, రేవులో మాట్లాడేట్టే మాట్లాడతాడు. ఢిల్లీ వాళ్ళు తురక యాస కలిసిన తెలుగు మాట్లాడతారు. కళ్ళు మూసుకుని వింటే చాలు, ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. అది కూడా చెప్పాలి. రాజుకు గ్రాంథికం, చాకలికి గ్రామ్యం అని పంచడంలో పెద్దవాడి మాట పెద్దది, చిన్నవాడి మాట చిన్నది అనే అంతస్తు ఉంది. ఈ కాలంలో మనకు అది మింగుడుపడదు. పైగా శాస్త్రిగారు తర్వాత కాలంలో, బడి పుస్తకాలు ఏ తెలుగులో ఉండాలన్న వివాదం వచ్చినప్పుడు వాడుక భాష కావాలన్న గిడుగు రామమూర్తి పంతులుగారి వైపు నిలబడలేదు, గ్రాంథికం వైపే నిలబడ్డారు. నాటకంలో పేరిగాడికి ఇచ్చిన హక్కు బడిలో పేరిగాడి పిల్లలకు ఇవ్వలేదన్నమాట. ఆయన మీద నాకు ఉన్న భక్తి ఈ మాట చెప్పకుండా నన్ను ఆపదు. కానీ ఇంకోవైపు నుంచి చూడండి. అంతకుముందు చాకలి పాత్రకు గ్రాంథికం అప్పిచ్చేవాళ్ళు, లేకపోతే నోరే ఇచ్చేవాళ్ళు కాదు. శాస్త్రిగారు వాడి సొంత నోటితో వాణ్ణి చక్రవర్తి ఉన్న రంగం మీద నిలబెట్టారు. అంతస్తు అట్లాగే ఉంది, నిజమే. గొంతు మాత్రం వాడిదే అయింది. ఆ తర్వాత రంగం మీదికొచ్చిన రైతులు, కూలీలు, గుమాస్తాలు తమ మాట తాము మాట్లాడారంటే ఆ దారి వేసినవాళ్ళలో శాస్త్రిగారు ముందువరసలో ఉన్నారు.

మాది కొడవలూరు అని ముందే చెప్పాను. నెల్లూరు నుంచి పెన్న దాటి, కోవూరు మీదుగా వస్తే రెండు పక్కలా వరి మళ్ళే. ఆ ఊరి బళ్ళోనే నేను తెలుగు చెప్పాను, వార్షికోత్సవాలకు పిల్లల చేత నాటకాలు వేయించాను. ఒకసారి నాట్లకు పోయే కుటుంబం గురించి చిన్న నాటిక తయారుచేశాం. తల్లి వేషం తొమ్మిదో తరగతి పిల్లది. కొడుకు సాయంత్రంపూట ఇల్లు వదిలి పోతుంటే తల్లి ఆపాలి. ఆ పిల్ల చేతులు కట్టుకుని, టీవీలో సీరియల్ అమ్మలాగా, "ఎక్కడికి వెళ్తున్నావు బాబూ?" అంది. ముఖంలో ఏమీ లేదు. గొంతులో ఏమీ లేదు. నేను ఆపి, "మీ అమ్మ అయితే ఏమంటదమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల కాసేపు సిగ్గుపడి, తర్వాత ఒక్కసారిగా నడుం మీద చెయ్యి వేసుకుని, "యాడికి పోతుండావురా పొద్దుగూకే యాళప్పుడు?" అంది. చుట్టూ ఉన్న పిల్లలందరూ గొల్లుమన్నారు. నడుం మీద చెయ్యి వేసుకోమని నేను చెప్పలేదు. మాట సొంతమయ్యేసరికి చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్ళింది. అప్పుడు ఆ పిల్ల అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "స్టేజి మీద అట్టా మాట్లాడొచ్చా సార్?"

నూరేళ్ళకు పైబడి వెనక, నాగానందం అనువాదం చూసిన పండితులు శాస్త్రిగారిని అడిగిందీ ఇదే ప్రశ్న. వాళ్ళు కోపంతో అడిగారు, ఈ పిల్ల బెరుగ్గా అడిగింది. ఆయన వాళ్ళకు వ్యాసం రాసి జవాబిచ్చారు. నేను ఆ పిల్లకు, "మాట్లాడొచ్చమ్మా, అట్టానే మాట్లాడాల" అన్నాను.

నటనకు గురువు ఏం నేర్పాలి అన్నది పెద్ద ప్రశ్న. గొంతు ఎట్లా పెంచాలి, ఎక్కడ నిలబడాలి, ప్రాంప్టరు మీద ఆధారపడకుండా పోర్షన్ ఎట్లా పట్టాలి, తోటి నటుడు అందించిన మాటను ఎట్లా అందుకోవాలి, ఇవన్నీ నేర్పాలి. కానీ వీటన్నిటికీ ముందు, ఈ మాట ఎవరిది అన్నది తెలియాలి. సమాజం పెట్టిన మనిషే నాటకం రాసినవాడు, చదువు చెప్పడమే వృత్తిగా గలవాడు అయినచోట, రిహార్సలుకూ పాఠానికీ పెద్ద తేడా ఉండదు. వ్యాఖ్యాత ఒక పద్యాన్ని పట్టుకుని ఈ పదం ఇక్కడ ఎందుకు పడింది, ఇంకో పదం ఎందుకు పడలేదు అని వెతుకుతాడు. నటుడు చేయాల్సిందీ అదే. అందుకే నాకు శాస్త్రిగారి నైషధ వ్యాఖ్యా, ప్రతాపరుద్రీయంలో పేరిగాడి మాటలూ ఒకే చెయ్యి రాసినవిగా కనబడతాయి. వేరువేరు పనులుగా తోచవు.

రేడియోలో ఈ మాట చెప్పే అవకాశం రావడం నాకు ప్రత్యేకమైన సంతోషం. ఎందుకంటే శాస్త్రిగారి సూత్రానికి అసలైన పరీక్ష రేడియో నాటకమే. ఇక్కడ కిరీటం లేదు, గడ్డం లేదు, తెర లేదు, రంగు లేదు. గొంతు, మాట, అంతే. రాజు ఎవరో, రేవులో చాకలి ఎవరో మాటే చెప్పాలి. మద్రాసులో ఆకాశవాణి కేంద్రం 1938 జూన్‌లో మొదలైంది. శాస్త్రిగారు 1929 జూన్ 18న కన్నుమూశారు. ఇంకో తొమ్మిదేళ్ళు ఉండి ఉంటే, తన నాటకాన్ని రేడియోలో విని ఉంటే, ఏమనేవారో అని నాకు ఆశగా ఉంటుంది.

ఆయన జీవితంలో గౌరవాలకు లోటు రాలేదు. మహోపాధ్యాయ, సర్వతంత్ర స్వతంత్ర అన్న బిరుదులు వచ్చాయి. 1927లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి సత్కరించింది. ఆయన పేరే పెట్టుకున్న మనవడు ఆయన జీవితచరిత్ర రాశారు. కుటుంబం ఆయన గ్రంథాలను అచ్చువేస్తూ వచ్చింది. ఇంతకాలం తర్వాత కూడా ఆ పుస్తకాలు మన చేతికి అందుతున్నాయంటే ఆ కుటుంబం పడిన శ్రమ కూడా అందులో ఉంది.

కానీ ప్రతాపరుద్రీయం పుస్తకంగా ఉండటం వేరు, మనుషుల నోళ్ళలో ఉండటం వేరు. ఒకప్పుడు ఆ నాటకం ఆంధ్రదేశం అంతా ఆడారు. ఇప్పుడు పరిషత్తుల పోటీల్లో పద్యనాటకాలు వేసేవాళ్ళు కూడా దాని జోలికి అరుదుగా పోతున్నారు. పెద్ద నాటకం, పాత్రలు ఎక్కువ, రాత్రంతా కూర్చుని చూసే జనం లేరు అంటారు. నిజమే. అయితే పూర్తిగా వేయనక్కర్లేదు. పేరిగాడి రంగాలు తీసుకోండి. యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధుల్లో తిరిగే రంగం తీసుకోండి. గంటలోపు అయిపోతుంది. పదిమంది పిల్లలు చాలు. తెర కూడా అక్కర్లేదు, బడి వరండా చాలు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇంకో విన్నపం. పేరిగాడి మాటలు ఆయన రాసిన కాలానివి, ఆయన విన్న జనానివి. వాటిని అట్లాగే నేర్పించండి. దాంతోపాటు, ఒక్కసారి పిల్లల్ని కూర్చోబెట్టి, పేరిగాడు మన ఊళ్ళో ఉంటే ఈ మాట ఎట్లా అంటాడు అని అడిగి చూడండి. కొడవలూరులో ఒక రకంగా అంటారు. ఉదయగిరి మెట్టలో ఇంకో రకంగా అంటారు. తీరాన పట్టపుపాలెంలో మరో రకంగా అంటారు. ఖదీర్ బాబుగారు 'దర్గామిట్ట కథలు' రాసి నెల్లూరు ముస్లిం ఇళ్ళ తెలుగు ఎంత బాగుంటుందో మనందరికీ వినిపించారు. ప్రతాపరుద్రీయంలోని ఢిల్లీ పాత్రలకు మాట వెతికేటప్పుడు ఆ పుస్తకం కూడా పక్కన పెట్టుకోవచ్చు. ఎగతాళి లేకుండా, ఇరుగుపొరుగు వాళ్ళ మాటలాగా ఆ యాస ఎట్లా పలకాలో అందులో తెలుస్తుంది.

ఈ పని మొదలుపెట్టడానికి మంచి సమయం వేసవి సెలవులు. పరీక్షలయ్యాక పిల్లలకు తీరిక ఉంటుంది, సాయంత్రాలు బడి ఆవరణ ఖాళీగా ఉంటుంది.  ముందు పాత్రలు పంచండి, మొదటి వారమంతా పిల్లల్ని కూర్చోబెట్టి చదివించండి, ఆ తర్వాతే లేపి నిలబెట్టండి.